ఆయుధాల ఎగుమతి – మానవ హక్కుల విచారణ

చిల్లకల్లు, జగ్గయ్యపేట ప్రాంతంలో నివసించేవారికి సున్నపురాతి గనులలోని ప్రేలుడు శబ్దం చిరపరిచితం. సిమెంటు కర్మాగారానికి రాయి కావలెను. రాయి పగలవలెనంటే ప్రేలుడు పదార్థం కావలెను. ఆ పదార్థమే లేకపోతే మనకు ఇండ్లు లేవు, వంతెనలు లేవు, కాలువ గట్లు లేవు. అయితే రాతిని పగులగొట్టే పరిశ్రమకూ, ఫిరంగి గుండులో మందు కూర్చే పరిశ్రమకూ నడుమ ఉన్న గోడ చాలా పలుచనిది. రసాయన శాస్త్రం దృష్టిలో ఆ రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉన్నది. భేదమంతా కొనేవాడు ఎవడు, దేనికి కొంటున్నాడు అనే ప్రశ్న దగ్గరనే వస్తున్నది.

ఈ ప్రశ్న నాకు స్వయంగా తోచినది కాదు. మన కళాశాలలో చదివి, హైదరాబాదు పొలిమేరలోని ఒక రక్షణ సామగ్రి కర్మాగారంలో ఉద్యోగం దొరికిన విద్యార్థి ఒకడు చేరబోయే ముందు నన్ను చూడవచ్చినాడు. మాటల మధ్యలో, "సార్, మేము చేసే భాగం ఏ యంత్రంలో అమరుతుందో చెబుతారట గాని, అది ఎవరి మీదికి పోతుందో చెప్పరట. తెలియకపోతే మాకు తప్పు లేదా? తెలిస్తే ఏం చెయ్యాలి?" అని అడిగినాడు. తెలుగు బోధించే నాకు అప్పటికప్పుడు సమాధానం తోచలేదు. ఆ తరువాత చదివినదీ, ఆలోచించినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆయుధాన్ని, ఆయుధానికి పనికివచ్చే లోహాన్ని పరదేశానికి అమ్మడం మన తెలుగు నేలకు కొత్త వ్యవహారం కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం గ్రామంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు పారశీక దేశానికి పోయి, అలల గీతలు తేలే ఖడ్గాలుగా రూపొందేది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఈ ఉక్కును గురించి ప్రత్యేకంగా వ్రాసినాడు. 19వ శతాబ్దం తొలి భాగంలో కోనసముద్రం వెళ్ళిన డాక్టర్ హెన్రీ వాయిసీకి ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుడొకడు అక్కడ కనిపించినాడట. అతడు కొలుముల దగ్గరనే ఉండి పని చూచుకొని ఉక్కు కొనుక్కుపోయేవాడు. ఆ కత్తి పదును ఇస్ఫహానులో ఎవరి మెడను తాకినదో కోనసముద్రం కమ్మరికి తెలిసే మార్గం లేదు. రాజుకు సుంకం ముట్టినదా లేదా అన్నదే ఆనాటి లెక్క.

కమ్మరికి తెలియకపోవడం, తెలిసి అమ్మడం – ఈ రెండూ ఒకటి కావని ధర్మశాస్త్రజ్ఞులు ఎన్నడో గుర్తించినారు. హనఫీ న్యాయ సంప్రదాయంలో ప్రామాణికమైన 'హిదాయా' గ్రంథాన్ని 1197లో మరణించిన ఇమామ్ మర్గీనానీ రచించినారు. దానిని చార్లెస్ హామిల్టన్ 1791లో ఆంగ్లీకరించగా కంపెనీ కాలపు న్యాయస్థానాలు కూడా వాడుకున్నవి. అందులో తిరుగుబాటుదారులను గురించిన అధ్యాయం చివర ఒక చిన్న చర్చ ఉన్నది. దాని సారాంశం ఇది: కల్లోల కాలంలో, కల్లోలం రేపేవారని తెలిసినవారికి ఆయుధం అమ్మడం మక్రూహ్, అనగా ఏవగింపదగిన పని, ఎందుకనగా అది పాపానికి చేయూత అవుతుంది. కాని పెద్ద నగరంలో, అట్టివాడని తెలియని మనిషికి అమ్మితే దోషం లేదు. నగరవాసులలో ఎక్కువమంది మంచివారే గనుక. ఇంకొక మాట కూడా అందులో ఉన్నది. ఈ నిషేధం ఆయుధానికే గాని, పనితనం చేరితే గాని యుద్ధానికి పనికిరాని ముడి వస్తువుకు కాదట. వాద్యాన్ని అమ్మడం, దానిని చేసే కట్టెను అమ్మడం ఒకటి కావన్న పోలికను ఆయన చెప్పినారు.

ఆ చర్చ పాలకునిపై తిరుగబడినవారిని గురించినదే గాని ప్రజలను హింసించే పాలకుని గురించినది కాదని నాకు తెలుసు. దానిలో నేటి మానవ హక్కుల శాస్త్రం ఉన్నదని చెప్పుకొని మురిసిపోవడం నా ఉద్దేశం కాదు. అట్లా మురిసిపోయే వ్యాసాలు మన పత్రికలలో ఇప్పటికే చాలినన్ని ఉన్నవి. నేను చూపదలచినది ఆ తూనికరాళ్ళను. కొనేవాని గురించి అమ్మేవానికి ఉన్న తెలివిడి ఒకటి; వస్తువు ఆయుధానికి ఎంత దగ్గరిది అన్నది రెండవది. ఎనిమిది వందల ఏండ్ల తరువాత కూడా ఎగుమతి చట్టాలు ఈ రెండింటినే తూచుచున్నవి.

ఆధునిక న్యాయస్థానం వీటిని తూచిన సందర్భం ఒకటి చెబుతాను. జర్మనీలో జైక్లాన్ బి అనే విషవాయువు పేలను, పురుగులను చంపడానికి తయారైనది. నాజీలు దానిని నిర్బంధ శిబిరాలలో మనుషులను చంపడానికి వాడినారు. దానిని సరఫరా చేసిన హాంబర్గు వర్తక సంస్థ యజమాని బ్రూనో టెష్‌ను, ఆయన తరువాతి అధికారి కార్ల్ వైన్‌బాకర్‌ను, డ్రోజిన్ అనే సాంకేతిక ఉద్యోగిని 1946 మార్చిలో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారించినది. మేము పురుగుల మందు అమ్మినామే గాని మనుషులను చంపలేదని వారి వాదన. వాయువు ఎందుకు పోతున్నదో తెలిసి అమ్మినారన్న నిర్ణయం మీద మొదటి ఇద్దరికీ మరణశిక్ష పడినది. ఆ ఏడాది మే నెలలో అమలు జరిగినది. మూడవవాడు విడుదలైనాడు. ఒకవేళ అతనికి తెలిసి ఉన్నప్పటికీ, సరఫరాను ఆపగల అధికారం గాని, నడిపించగల పలుకుబడి గాని ఆ చిన్న ఉద్యోగికి ఉన్నదా అన్నది అక్కడ ముఖ్యమైన విచారణ అయినది.

ఇరాక్‌కు రసాయనాలు అమ్మిన డచ్చి వర్తకుడు ఫ్రాన్స్ వాన్ అన్రాట్‌కు 2005లో నెదర్లాండ్స్ న్యాయస్థానం జైలుశిక్ష విధించినది కూడా ఈ త్రోవలోనే. 1988 మార్చి 16న హలబ్జా పట్టణంలో కుర్దు ప్రజలు విషవాయువుతో వేల సంఖ్యలో మరణించిన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉండును. అమ్మినవాడు ఆ వాయువును తన చేతితో వదలలేదు.

తెలివిడి, ఆపగల శక్తి – ఈ రెండూ ఒకచోట చేరినప్పుడు బాధ్యత పుడుతుందని ఈ తీర్పుల వల్ల తెలుస్తున్నది. మరి నేటి ఆయుధ వ్యాపారంలో ఈ రెండూ నిండుగా ఉన్నది ఎవరికి? కర్మాగారంలో మర బిగించే కుర్రవానికి రెండూ లేవు. యజమానికి కొంత తెలుసు, కొంత శక్తి ఉన్నది. ప్రభుత్వానికి మాత్రం రెండూ ఉన్నవి. అనుమతి ముద్ర లేనిదే ఒక్క గుండు గూడా చట్టబద్ధంగా దేశపు ఎల్లలు దాటరాదు. ఆ ముద్ర వేసే ముందు కొనేవాడెవడో ప్రభుత్వం అడిగి తెలుసుకుంటుంది. కనుక ఇది ప్రధానంగా ప్రభుత్వాన్ని అడుగవలసిన ప్రశ్న.

మన దేశంలో ఈ అనుమతి ఎట్లా నడుస్తున్నదో క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. దీనికి ఆధారం 1992 నాటి విదేశీ వాణిజ్య (అభివృద్ధి, క్రమబద్ధీకరణ) చట్టం. సామూహిక విధ్వంసక ఆయుధాలకు సంబంధించి 2005లో వేరొక చట్టం వచ్చినది. 2010లో 1992 చట్టానికే ఒక కొత్త అధ్యాయం చేర్చినారు. అదుపులో ఉంచవలసిన వస్తువుల పట్టికను 'స్కోమెట్' అంటారు. అందులోని ఆరవ వర్గం యుద్ధ సామగ్రి. దానిని 2017లో పూర్తిగా నింపినారు. ఆ వర్గానికి అనుమతి ఇచ్చేది రక్షణ ఉత్పత్తి శాఖ. మిగిలినవాటిలో అధిక భాగాన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. కొనే పక్షం నుండి తుది వినియోగదారు ధ్రువపత్రం తేవలెను – ఈ సరుకు నేనే వాడుకుంటాను, ఇంకొకరికి ఇవ్వను అని. అధికారులు కొనేవాని విశ్వసనీయతను, సరుకు చేతులు మారే మార్గాన్ని, అది తీవ్రవాదుల పాలయ్యే ప్రమాదాన్ని, దేశ భద్రతను, విదేశాంగ విధానాన్ని పరిశీలిస్తారు.

ఈ కొలతలు తేలికైనవి కావు. వీటిని బట్టే మన దేశానికి 2016లో క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థలోనూ, 2017లో వాసెనార్ ఏర్పాటులోనూ, 2018లో ఆస్ట్రేలియా బృందంలోనూ సభ్యత్వం లభించినది. కాని ఒక్క కొలత మాత్రం వాటిలో విడిగా కానరాదు. కొనే ప్రభుత్వం ఈ ఆయుధాన్ని నిరాయుధులైన ప్రజల మీద ప్రయోగించే ప్రమాదం ఎంత ఉన్నది అన్నదే ఆ కొలత. ధ్రువపత్రం సరుకు ఎవరి చేతిలో ఉంటుందో చెబుతుంది. ఆ చేయి ఏం చేస్తుందో చెప్పదు. కొనేవాడు ఒక సార్వభౌమ రాజ్యమై, పత్రంలో వ్రాసిన మాట తప్పకుండా సరుకును తానే వాడుకుంటే, అది ఆసుపత్రి మీద పడినా ధ్రువపత్రం చెడలేదనే చెప్పవలెను.

ఇతర దేశాలలో ఈ కొలతను చట్టంలో వ్రాసుకున్నవారు ఉన్నారు. ఐరోపా సమాజం 2008లో ఆమోదించిన ఉమ్మడి విధానంలో, కొనే దేశం మానవ హక్కులను, యుద్ధకాల మానవతా చట్టాన్ని ఎంతవరకు పాటిస్తున్నదన్నది ఒక ప్రమాణం. అమెరికాలో సెనేటరు పాట్రిక్ లీహీ పేరిట 1997 నుండి నడుస్తున్న చట్టం, ఘోరమైన హక్కుల ఉల్లంఘనకు పాల్పడిన సైనిక దళాలకు సహాయం నిషేధిస్తుంది. అమెరికా దానిని తనకు ఇష్టులైనవారి విషయంలో ఎంతగా మరచిపోతుందో లోకానికి తెలిసినదే. అన్నింటికంటె విస్తృతమైనది ఐక్యరాజ్యసమితి ఆయుధ వాణిజ్య ఒడంబడిక. దానిని 2013 ఏప్రిల్ 2న సర్వప్రతినిధి సభ 154 ఓట్లతో ఆమోదించగా, ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా వ్యతిరేకించినవి. 23 దేశాలు తటస్థంగా ఉన్నవి. అది 2014 డిసెంబరు 24న అమలులోకి వచ్చినది. దాని ఆరవ అధికరణం ప్రకారం, జాతి విధ్వంసానికో, పౌరుల మీద దాడులకో వాడతారని అనుమతి ఇచ్చే సమయానికి తెలిసి ఉంటే అమ్మరాదు. ఏడవ అధికరణం ప్రకారం, తెలియకపోయినా ప్రమాదాన్ని అంచనా కట్టి, అది మిక్కిలిగా ఉంటే నిరాకరించవలెను. 'తెలిసి ఉండడం' అనే ఆ పాత మాటే ఇక్కడ మళ్ళీ కనిపిస్తున్నది.

తటస్థంగా ఉన్న 23 దేశాలలో భారతదేశం ఒకటి. మన ప్రతినిధి చెప్పిన కారణాలు తీసిపారవేయదగినవి కావు. తీవ్రవాదులకు, ప్రభుత్వేతర శక్తులకు ఆయుధాలు చేరకుండా ఆ ఒడంబడికలో గట్టి కట్టుబాటు లేదని ఒక అభ్యంతరం. అమ్మే దేశాలు దానిని సాకుగా చూపి, కొనే దేశాల మెడలు వంచవచ్చునని రెండవది. చిరకాలంగా ప్రపంచంలో అత్యధికంగా ఆయుధాలు కొనే దేశాలలో ఒకటైన మనకు ఆ భయం సహజం. 1998 అణు పరీక్షల తరువాత ఆంక్షల కష్టం అనుభవించిన దేశం మనది. కాని ఆ వాదన కొనేవాని వాదన. మనం అమ్మేవారమైనప్పుడు మన వాదన ఏమిటి అన్న ప్రశ్న 2013లో అంతగా ముంచుకురాలేదు. 2013–14లో మన రక్షణ ఎగుమతుల విలువ 686 కోట్ల రూపాయలు. 2023–24లో అది 21,083 కోట్లు. 2024–25లో 23,622 కోట్లు. 2029 నాటికి 50,000 కోట్లకు చేర్చడం ప్రభుత్వ లక్ష్యం. కొనేవాడు అమ్మేవాడైనాడు, ధర్మ విచారణ మాత్రం కొనేనాటిదే మిగిలినది.

ఈ ఎగుమతులలో తెలుగు నేలకు పెద్ద పాలు ఉన్నది. హైదరాబాదులో 1970లో స్థాపించిన భారత్ డైనమిక్స్, బ్రహ్మోస్ క్షిపణులను కూర్చే కేంద్రం, వాటి చుట్టూ వెలసిన ప్రైవేటు కర్మాగారాలు కలిసి ఆ నగరాన్ని క్షిపణుల నగరంగా చేసినవి. 2024 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్సుకు బ్రహ్మోస్ చేరినప్పుడు మనమందరం గర్వించినాము. తన తీరాన్ని కాపాడుకోదలచిన దేశానికి అమ్మడంలో నాకు తప్పు కనిపించదు. ఆయుధాల అమ్మకం సర్వత్రా పాపమని ఈ వ్యాసం చెప్పడం లేదు. అయితే ఆ నగరంలోనే వేరొక వ్యవహారం కూడా జరిగినది.

2018 డిసెంబరులో హైదరాబాదులో అదానీ సంస్థ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థ కలిసి నెలకొల్పిన మానవరహిత విమానాల కర్మాగారం ప్రారంభమైనది. హెర్మెస్ 900 రకం విమానాన్ని ఇజ్రాయెల్ వెలుపల తయారు చేసే మొదటి కేంద్రం అదేనని ఆనాడు ప్రకటించినారు. ప్రారంభోత్సవం చేసినది అప్పటి తెలంగాణ హోం మంత్రి మహమ్మద్ మహమూద్ అలీ. ఇటువంటి విమానాలు ఎగురుతూ నిఘా వేయగలవు. దాడి కూడా చేయగలవు. 2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్ పౌరులను చంపి, బందీలను పట్టుకుపోయిన తరువాత గాజా మీద మొదలైన యుద్ధంలో వేలాది స్త్రీలు, పిల్లలు మరణించుచుండగా, హైదరాబాదులో తయారైన ఇరవైకి పైగా విమానాలు ఇజ్రాయెల్‌కు చేరినవని 2024 ఫిబ్రవరిలో పత్రికలు వ్రాసినవి. అప్పటికి కొద్ది రోజుల ముందే, జనవరి 26న, దక్షిణాఫ్రికా దావాలో అంతర్జాతీయ న్యాయస్థానం జాతి విధ్వంస నిషేధ ఒప్పందం క్రింద ఇజ్రాయెల్‌కు తాత్కాలిక ఆదేశాలు ఇచ్చి ఉన్నది. ఆ ఒప్పందాన్ని మన దేశం 1959లోనే ధ్రువీకరించినది. ఏప్రిల్ 5న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఇజ్రాయెల్‌కు ఆయుధాల అమ్మకం నిలిపివేయవలెనని 28 ఓట్లతో తీర్మానించినది. భారతదేశం తటస్థంగా ఉన్నది. మే నెలలో స్పెయిన్ ప్రభుత్వం మారియన్ డానికా అనే ఓడను తన రేవులో ఆగనివ్వలేదు. అది చెన్నై నుండి ప్రేలుడు పదార్థాలతో ఇజ్రాయెల్ రేవు హైఫాకు పోతున్న ఓడ. మన సరుకు ఎక్కడికి పోతున్నదో మన కంటె ముందు స్పెయిన్ దేశస్థులకు తెలిసినది.

2024 సెప్టెంబరులో అశోక్ కుమార్ శర్మ మొదలైన 11 మంది సుప్రీం కోర్టును ఆశ్రయించినారు. వారిలో హర్ష్ మందర్, ఆర్థిక శాస్త్రవేత్త జాఁ ద్రేజ్ ఉన్నారు. వారి పక్షాన ప్రశాంత్ భూషణ్ వాదించినారు. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతికి ఇచ్చిన అనుమతులు రద్దు చేయవలెనని, కొత్తవి ఇవ్వకుండా ఆపవలెనని వారి ప్రార్థన. ప్రభుత్వ రంగంలోని మ్యునిషన్స్ ఇండియా, హైదరాబాదులోని పై కర్మాగారం, సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ – వీటి పేర్లు అర్జీలో ఉన్నవి. మూడింటిలో రెండు తెలుగు నేల మీదివి. అర్జీదారులు జీవించే హక్కు గురించిన 21వ అధికరణాన్ని, అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించవలెనని రాజ్యాన్ని ఆదేశించే 51(సి) అధికరణాన్ని ఉదహరించినారు.

సెప్టెంబరు 9న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, మనోజ్ మిశ్రాల ధర్మాసనం అర్జీని త్రోసిపుచ్చినది. విదేశీ వ్యవహారాల నిర్వహణ ప్రభుత్వానిది; ఇజ్రాయెల్ సార్వభౌమ రాజ్యం గనుక దాని చర్యల మీద ఈ న్యాయస్థానం నిర్ణయం చెప్పజాలదు; ఆ నిర్ణయం లేకుండా అడిగిన ఉపశమనం ఇవ్వడం సాధ్యం కాదు; కంపెనీలు ఒప్పందాలు భంగపరచవలసి వస్తే వచ్చే ఫలితాలను న్యాయస్థానం తూచలేదు – ఇవి కారణాలు. రష్యా నుండి చమురు కొనవద్దని కూడా మేము చెప్పగలమా అని విచారణలో ప్రశ్నించినారు. కాని అదే ఉత్తర్వులో ఇంకొక మాట ఉన్నది. ఇటువంటి ఎగుమతులను నిషేధించదలచుకుంటే 1992 చట్టం క్రింద, కస్టమ్స్ చట్టం క్రింద ప్రభుత్వానికి తగినంత అధికారం ఉన్నదని న్యాయమూర్తులు గుర్తు చేసినారు.

నేను న్యాయవాదిని కాను. అయినా ఆ ఉత్తర్వును ఒకటికి రెండుసార్లు చదివిన పిమ్మట నాకు తోచినది చెబుతాను. ఒక యుద్ధంలో తప్పెవరిదో తేల్చడం మా పని కాదని న్యాయస్థానం అనడంలో యుక్తి ఉన్నది. కాని అనుమతి ఇచ్చే అధికారి ఆ ప్రమాదాన్ని అసలు పరిశీలించినాడా లేదా అని అడగడానికి ఇజ్రాయెల్ మీద తీర్పు అక్కరలేదు. ఢిల్లీలోని ఒక ఫైలును తెరిస్తే చాలును.

ఇతర దేశాల న్యాయస్థానాలు ఆ త్రోవనే పట్టినవి. యెమెన్ మీద బాంబులు వేస్తున్న సౌదీ అరేబియాకు ఆయుధాలు అమ్మడంపై వచ్చిన వ్యాజ్యంలో 2019 జూన్ 20న ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం, గతంలో సౌదీ దాడులు యుద్ధ చట్టాన్ని ఉల్లంఘించినవా లేదా అని ప్రభుత్వం లెక్కకట్టకుండా అనుమతులిచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమన్నది. సౌదీని దోషి అనలేదు. మీ విచారణ విచారణే కాదని తన ప్రభుత్వానికి చెప్పినది. మరుసటి ఏడు ఆ ప్రభుత్వం మళ్ళీ లెక్కకట్టి, అవి చెదురుమదురు ఘటనలేనని చెప్పి అమ్మకాలు సాగించినదనుకోండి. చట్టంలో కొలత ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడవు. నెదర్లాండ్సులో 2024 ఫిబ్రవరి 12న హేగ్ అప్పీలు న్యాయస్థానం ఎఫ్-35 విమాన భాగాలు ఇజ్రాయెల్‌కు పోకుండా ఏడు రోజులలో ఆపవలెనని ఆదేశించినది. 2025 అక్టోబరు 3న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, నిషేధించడం తమ పని కాదంటూనే, ప్రభుత్వం ఆ అనుమతిని ఆరు వారాలలో తిరిగి పరిశీలించవలెనన్నది. ఇక్కడ వ్యవహారం పూర్తి ఆయుధం గురించి కాదు, భాగాల గురించి. వాద్యానికీ కట్టెకూ ఉన్న భేదం విమాన భాగాల దగ్గర అంతగా నిలువదు. ఆ భాగం వేరే పనికి రాదు గదా.

ఇదంతా ఒక్క దేశాన్ని, ఒక్క మతంవారి బాధను దృష్టిలో పెట్టుకొని వ్రాసినదని ఎవరైనా అనుకోవచ్చును. మియన్మార్ సంగతి చూడండి. 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలద్రోసి, స్వంత ప్రజల మీదనే విమానాలతో బాంబులు వేసినది. ఆ బాంబుల క్రింద చనిపోయినవారిలో బౌద్ధులు, క్రైస్తవులు అధికులు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ కుట్ర తరువాత సైన్యానికి చేరిన సుమారు వంద కోట్ల డాలర్ల సామగ్రిలో, ముడిసరుకులు కూడా కలుపుకొని, రష్యా నుండి పోయినది 40.6 కోట్లు, చైనా నుండి 26.7 కోట్లు, సింగపూరు నుండి 25.4 కోట్లు, భారతదేశం నుండి 5.1 కోట్ల డాలర్లు. ఆ నివేదికలో పేర్కొన్న మన సంస్థలలో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకటి. మన ప్రభుత్వం ఇచ్చిన సమాధానం, ఇవి పూర్వపు పౌర ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాలని. కావచ్చును. కాని కొనుగోలుదారు మారినప్పుడు పాత అనుమతిని మళ్ళీ చూడవలెనన్న నియమం లేకపోతే, ఒప్పందం మాత్రమే మిగులుతుంది. మనుషులు లెక్కలోకి రారు.

మనం అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారు గదా అని ఒక వాదన ఉన్నది. దొంగసరుకు కొనే వర్తకుడూ ఈ మాటే అంటాడు. దానికి ఇంతకంటె సమాధానం అక్కరలేదు. ఉద్యోగాల మాట మాత్రం నేను తేలికగా తీసుకోలేను. నందిగామ, జగ్గయ్యపేటల నుండి హైదరాబాదు బస్సెక్కే కుర్రవాళ్ళకు ఆ కర్మాగారాలు అన్నం పెడుతున్నవి. అయితే ఎగుమతుల పెంపునకూ ఈ విచారణకూ వైరం లేదు. ఐరోపా దేశాలు ఏ దేశానికి ఎంత విలువైన అనుమతులిచ్చినవో ఏటేటా ప్రకటిస్తూనే పెద్ద అమ్మకందారులుగా ఉన్నవి. మన ప్రభుత్వం మొత్తం విలువను ఘనంగా ప్రకటిస్తుంది. ఏ దేశానికి ఏ సరుకు అని పార్లమెంటులో అడిగితే మాత్రం రక్షణ అవసరాల దృష్ట్యా చెప్పరాదంటుంది. యుద్ధ వ్యూహం రహస్యంగా ఉండవలసినదే. పూర్తయిన అమ్మకపు లెక్క ఎందుకు రహస్యమో నాకు అర్థం కాలేదు.

కావలసిన మార్పు పెద్దది కాదు. ఒడంబడికలో చేరినా చేరకపోయినా, 1992 చట్టం క్రింద ఉన్న నియమావళిలో ఒక్క ప్రమాణం చేర్చవచ్చును: ఈ సరుకు పౌరుల మీద ప్రయోగించే ప్రమాదాన్ని అధికారి వ్రాతపూర్వకంగా పరిశీలించవలెను, పరిస్థితి మారినప్పుడు పాత అనుమతిని తిరిగి చూడవలెను. ఆ కాగితం బహిరంగం కాకపోయినా, కనీసం పార్లమెంటు స్థాయీ సంఘం చూడగలగవలెను. పని స్థలంలో స్త్రీల రక్షణకు చట్టం లేనప్పుడు అంతర్జాతీయ ఒప్పందాల ఆధారంగా 1997లో విశాఖ కేసులో నియమాలు ఏర్పరచిన న్యాయస్థానమే మనది. ఆ పని ఈసారి ప్రభుత్వమే చేసుకొనవచ్చును.

ఆ విద్యార్థి ఉద్యోగంలో చేరినాడు. చేరవద్దని నేను చెప్పలేదు. హాంబర్గు న్యాయస్థానంలో విడుదలైన మూడవవాని కథ చెప్పి, తెలియనిదానికీ ఆపలేనిదానికీ నీవు బాధ్యుడవు కావు బాబూ అన్నాను. మొన్న రంజాన్ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు కలిసినాడు. "తుది వినియోగదారు ధ్రువపత్రం అంటారే, అది మీరెప్పుడైనా చూశారా సార్?" అని అడిగినాడు. లేదన్నాను. తానూ చూడలేదన్నాడు.